రంగు తక్కువ: ప్రకటనల భాష మీద కొన్ని మాటలు

తెలుగులో "రంగు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. నిఘంటువు చెప్పేది ఒకటి, పెళ్ళిచూపుల్లో చెప్పుకునేది ఇంకొకటి. "పిల్ల రంగుంది" అంటే తెల్లగా వుందని. "కాస్త రంగు తక్కువ" అంటే నల్లగా వుందని. "ఈమధ్య రంగు తేలింది" అంటే నలుపు తగ్గిందని. నలుపు కూడా ఒక రంగేనన్న సంగతిని ఈ మూడు వాక్యాలూ మరిచిపోయాయి. వీటి లెక్కలో నలుపంటే రంగు లేకపోవటం. అంటే ఒక కొరత. కొరత అన్నాక పూడ్చుకోవాలి. పూడ్చుకోవాలంటే ఏదో ఒకటి కొనాలి. వ్యాపార ప్రకటనకు కావలసిన సిద్ధాంతమంతా మన మాటలోనే ముందుగా తయారై వుంది. కంపెనీ వాడు వచ్చి దానికి ధర కట్టాడు, అంతే.

ప్రకటనల గురించి సాహిత్య పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కథ మీద, కవిత మీద పేజీలకు పేజీలు విమర్శ రాస్తాం. కానీ మనవాళ్ళలో ఎక్కువమంది రోజూ వినే కథ, తప్పించుకోలేని కథ, అరనిమిషంలో ముగిసిపోయే ప్రకటన. దానికీ పాత్రలున్నాయి, సంఘర్షణ వుంది, ముగింపు వుంది, నీతి వుంది. పదేపదే చెప్పి కంఠతా పట్టిస్తుంది. చదువురాని అవ్వకూ తెలుసు, బడికెళ్ళే పిల్లకూ తెలుసు. ఇంత పాఠకజనం వున్న రచనను విమర్శకులు వదిలెయ్యటం న్యాయం కాదు.

ముఖానికి పూసుకునే క్రీము ప్రకటననే కథగా చదివి చూద్దాం. మొదటి దృశ్యంలో ఒక నల్లటి అమ్మాయి. నల్లగా వుండటమే కాదు, దిగులుగా కూడా వుంటుంది. వెలుతురు తక్కువ, బట్టలు వెలిసినవి, తల వంచుకుని వుంటుంది. రెండో దృశ్యంలో స్నేహితురాలో, అక్కో ఒక ట్యూబు చేతిలో పెడుతుంది. మూడో దృశ్యంలో ఒకే ముఖం నాలుగైదుసార్లు పక్కపక్కన, ఒకదానికన్నా ఒకటి తెల్లగా. నాలుగో దృశ్యంలో ఉద్యోగమో, పెళ్ళికొడుకో, చప్పట్లో. ఈ కథలో అమ్మాయి ఏమీ చేయలేదు. చదవలేదు, నేర్చుకోలేదు, ఎవర్నీ ఎదిరించలేదు. పూసుకుంది. మన జానపద కథల్లో రాకుమారికి శాపం వుంటే, శాపం పెట్టినవాడొకడు వుంటాడు, విమోచనకు ఒక పరీక్ష వుంటుంది. ప్రకటన కథలో శాపం ఆమె ఒళ్ళే. శాపం పెట్టినవాడెవడో చెప్పరు. పరీక్ష కూడా వుండదు, ధర మాత్రం వుంటుంది.

ఈ కథకు ఒక చరిత్ర వుంది. హిందుస్తాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీమును 1975లో మన దేశంలో తెచ్చింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించిన ఏడాది కూడా అదే కావటం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ తర్వాత ఆ కథను అనేక విధాలుగా చెప్పారు. అందులో ఒకటి దేశమంతా రచ్చకెక్కింది. ఒక ఇంట్లో తండ్రి, తనకు కొడుకు వుండివుంటే ఎంత బాగుండేదో అని వాపోతాడు. కూతురు వింటుంది. క్రీము పూసుకుంటుంది. విమానంలో ఉద్యోగం సంపాదిస్తుంది. ఇంటికి ఆధారమవుతుంది. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం, మనం ఐద్వా అంటామే, ఆ సంఘం వాళ్ళు దీనిమీద జాతీయ మానవ హక్కుల సంఘం దాకా వెళ్ళారు. కేంద్ర సమాచార ప్రసార శాఖ కూడా తప్పుపట్టింది. 2003లో కంపెనీ ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం అదే పేరుతో ఆడపిల్లల చదువులకు సాయం చేసే సంస్థను కూడా పెట్టింది. ఒక చేత్తో గాయం, ఒక చేత్తో వెన్న.

ఈ ప్రకటనను కాస్త నిదానంగా చూడాలి. ఇందులో రెండు అవమానాలు ఒకదాని మీద ఒకటి పేర్చి వున్నాయి. కూతురు కొడుకుకన్నా తక్కువ అన్నది మొదటిది. నల్లటి కూతురు తెల్లటి కూతురికన్నా తక్కువ అన్నది రెండోది. ప్రకటన మొదటి అవమానాన్ని తుడిచేస్తానంటుంది: కూతురు కూడా కొడుకులా సంపాదించగలదు అంటుంది. వినడానికి అభ్యుదయంగానే వుంది. అయితే అందుకు రుసుముగా రెండో అవమానాన్ని ఆమె చేతే ఒప్పిస్తుంది. ఉద్యోగం చేసుకో, కాని ముందు నీ ముఖం తప్పని ఒప్పుకో. మహిళా ఉద్యమం సాధించుకున్న మాటల్ని పట్టుకెళ్ళి మహిళకే అమ్మటం ఇక్కడ కనబడుతుంది. అంతకుముందు పెళ్ళి ఆశ చూపి అమ్మిన వస్తువునే ఇప్పుడు స్వావలంబన పేరుతో అమ్మారు. కథ మారింది, సరుకు మారలేదు.

దీనికొక జవాబు వెంటనే వస్తుంది, నేను చాలామంది నోట విన్నాను. "తెలుపు మీద మోజు కంపెనీ పుట్టించిందా? మనకు ముందునుంచీ లేదా?" లేదని ఎవరంటారు? మన సామెతలే సాక్ష్యం. "కాకిముక్కుకు దొండపండు" అని నల్లటి మొగుడినీ తెల్లటి పెళ్ళాన్నీ చూసి నవ్వింది మనమే. "కాకిపిల్ల కాకికి ముద్దు" అని తల్లిప్రేమను పొగుడుతూనే పిల్ల రూపాన్ని వెక్కిరించింది మనమే. "నలుపు నారాయణుడు మెచ్చు" అన్నది కాస్త దయగల సామెత. అయినా చూడండి, నారాయణుడు మెచ్చుతాడట, మనుషులు మెచ్చుతారని అది చెప్పలేదు. అందగాణ్ణి "ఎర్రగా బుర్రగా వున్నాడు" అంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న "వర్ణం" అన్న మాటకు రంగన్న అర్థమూ వుంది, కులవ్యవస్థ అర్థమూ వుంది. మా సీమలో "కర్రిగుండాడు" అన్న మాట ఒంటిరంగుతో ఆగదు, వాడు ఎండలో కూలిచేసేవాడని, ఏ వీధివాడో కూడా చెప్పకనే చెబుతుంది. నీడపట్టున కూర్చునేవాడి చర్మం, ఎండలో వంగి పనిచేసేదాని చర్మం ఒక్కలా వుండవు. ఆ తేడాను అందం అన్న పేరుతో పిలవటం మన పాత అలవాటు.

కాబట్టి కంపెనీ ఈ దురభిప్రాయాన్ని పుట్టించలేదు. కాని పాత దురభిప్రాయానికీ కొత్త వ్యాపారానికీ ఒక పెద్ద తేడా వుంది. మా ముత్తవ్వల కాలంలో నల్లటి పిల్లను ఎగతాళి చేసేవాళ్ళు, ఆ పిల్ల ఏడ్చి వూరుకునేది. అదే రంగుతో పొలానికి పోయేది, పెళ్ళిచేసుకునేది, పిల్లల్ని కనేది. రంగు మారేది కాదని ఎగతాళి చేసేవాళ్ళకూ తెలుసు. ప్రకటన వచ్చాక రంగు మారగలదన్న నమ్మకం వచ్చింది. మారగలిగేది మారకపోతే తప్పెవరిది? పూసుకోనిదానిది. సరిగా పూసుకోనిదానిది. ఖరీదైనది కొననిదానిది. పుట్టుకను నేరంగా చూడటం పాత సంగతి. దాన్ని అశ్రద్ధగా, బద్ధకంగా మార్చి అమ్మాయి మెడకే కట్టటం కొత్త సంగతి. పైగా ఈ నేరానికి ఎప్పటికీ విడుదల లేదు, ఎందుకంటే ట్యూబు అయిపోగానే మళ్ళీ కొనాలి. ట్యూబు కొనలేనివాళ్ళకు చిన్న ప్యాకెట్లున్నాయి. అంగట్లో షాంపూ ప్యాకెట్ల సరం పక్కనే వేలాడుతుంటాయి. కూలిడబ్బుల్లోంచి కూడా తీసుకోగలిగేంత చిన్న ముక్కలుగా తెలుపును కోసి పెట్టారు.

ఇక జాతి సంగతి. ఇది మన దేశపు కులజాడ్యమే తప్ప తెల్లవాళ్ళ జాతిగర్వంతో సంబంధం లేదనేవాళ్ళున్నారు. సబ్బు చరిత్ర చూస్తే అలా అనిపించదు. లండనులో 1807 నుంచి అమ్ముడుపోతున్న పియర్స్ సబ్బు కోసం 1880లలో వేసిన ఒక బొమ్మ ప్రపంచ ప్రకటనల చరిత్రలో పేరుమోసింది. ఒక తెల్ల పిల్లవాడు నల్ల పిల్లవాడికి సబ్బుతో స్నానం చేయిస్తాడు. తొట్టిలోంచి లేచేసరికి నల్ల పిల్లవాడి మెడకింద ఒళ్ళంతా తెల్లగా వుంటుంది. అంటే నలుపంటే మురికి, తెల్లవాడి దగ్గరున్నది శుభ్రత. కిప్లింగ్ "తెల్లవాడి భారం" కవిత వచ్చిన 1899లోనే ఆ మాటను పట్టుకుని అదే సబ్బు కంపెనీ ఇంకో ప్రకటన వేసింది. నౌకాధిపతి ఒకాయన చేతులు కడుక్కుంటుంటాడు, నల్లజాతులకు శుభ్రత నేర్పటం ఆ భారంలో మొదటి మెట్టని దాని సారాంశం. వలస పాలనకు తుపాకి ఎంత అవసరమో సబ్బుబిళ్ళ అంత అవసరమైంది. ఆ సబ్బు తర్వాత లీవర్ల చేతికి వచ్చింది. ఆ లీవర్ల కుటుంబంలోనిదే మన ఫెయిర్ అండ్ లవ్లీ. ఒకే ఇంటిలోని డవ్ సబ్బు కోసం 2017లో ఒక చిన్న దృశ్యం వేశారు. నల్లజాతి స్త్రీ చొక్కా విప్పగానే తెల్లజాతి స్త్రీగా మారుతుంది. అమెరికాలో గగ్గోలు లేచాక క్షమాపణ చెప్పారు. 1880ల బొమ్మకూ 2017 దృశ్యానికీ మధ్య నూట ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచాయి, మారిందేమిటో నాకు కనబడలేదు.

ఈ రంగు చూపు పెళ్ళిచూపుల దగ్గరే ఆగుతుందనుకోవద్దు. 2016 జనవరిలో బెంగళూరులో, మన రాజధానిలో, ఒక టాంజానియా విద్యార్థినిని గుంపు చేరి కొట్టి, బట్టలు చింపారు. వేరే దేశపు నల్లజాతి మనిషెవరో చేసిన ప్రమాదానికి ఆ దారిన వచ్చిన ఆ అమ్మాయిని శిక్షించారు. గుంపుకు వాళ్ళిద్దరూ ఒక్కరే, ఎందుకంటే ఇద్దరి రంగూ ఒక్కటే. నలుపును మనిషి ముఖంగా కాక ముఖానికంటిన మరకగా చూడటం నేర్చుకున్న కన్ను ఏ స్థాయికైనా దిగగలదు. ఆ గుంపు ప్రకటనలు చూసి దాడిచేసిందని నేననటం లేదు. ఆ కన్నుకు ఎక్కడా అడ్డు చెప్పకుండా, రోజూ మేతవేస్తూ వచ్చినవాటిలో ప్రకటనలూ వున్నాయని అంటున్నాను.

రంగు పక్కన పెట్టి ఆడతనం సంగతి చూస్తే ప్రకటనల లోకంలో ఇల్లు ఒక విచిత్రమైన చోటు. అక్కడ మురికి చేసేది మగవాళ్ళూ పిల్లలూ, ఉతికేది ఆడవాళ్ళు. 1980లలో సర్ఫ్ ప్రకటనలో వచ్చిన లలితాజీని మా తరం మరిచిపోలేదు. అంగడివాడితో గట్టిగా బేరమాడే, లెక్క తెలిసిన, నోరున్న మనిషి. అప్పటిదాకా ప్రకటనల్లో వుట్టి నవ్వులు నవ్విన బొమ్మలకన్నా ఆమె ఎంతో నయం. అయితే ఆ తెలివంతా ఎక్కడికి పోయి చేరింది? బకెట్లోకి. లెక్క తెలిసిన ఆ స్త్రీ బ్యాంకు మేనేజరు కావచ్చునన్న వూహ ఆ ప్రకటనకు రాలేదు. 1990లలో క్యాడ్బరీ చాక్లెట్ ప్రకటనలో క్రికెట్ ఆడేది అబ్బాయి, మైదానంలోకి పరుగెత్తి ఆడిపాడేది అమ్మాయి. 2021లో అదే ప్రకటనను తిరగేసి తీశారు: ఆడేది అమ్మాయి, పరుగెత్తుకొచ్చేది అబ్బాయి. చాలామంది మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. ఏరియల్ వాళ్ళు 2015లో బట్టలుతకటం ఆడవాళ్ళ పనేనా అని అడిగే ప్రకటనలు మొదలుపెట్టారు. అదీ మంచిదే. ఇవి చెప్పేదేమిటంటే, మూసలో పోయనిదే వస్తువు అమ్ముడుపోదన్న వాదన అబద్ధం. మూస లేకుండా కూడా అమ్మవచ్చు. అయినా మూసలోనే అమ్ముతున్నారంటే అది వ్యాపార అవసరం కాదు, బద్ధకం, లేదా అంతకన్నా చెడ్డది.

మగవాడు మాత్రం ఈ వల బయట వున్నాడా? 2005లో ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది. మగవాడు ఆడవాళ్ళ క్రీము దొంగచాటుగా పూసుకోవటమేమిటి, సిగ్గుచేటు, నీకు వేరే క్రీము వుంది అన్నది దాని పాట. ఒక్క వాక్యంలో రెండు మూసలు: తెల్లబడాలి, కానీ ఆడదానిలా తెల్లబడకూడదు. ఇదీ సమానత్వమేనని ఎవరైనా అంటే, జబ్బు ఇద్దరికీ అంటుకోవటాన్ని సమానత్వం అనరని చెప్పాలి. 2024 డిసెంబరులో ఢిల్లీలోని ఒక జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ క్రీము ప్రకటన తప్పుదారి పట్టించేదని తేల్చి, లక్షల రూపాయలు కట్టమని కంపెనీని ఆదేశించింది. ఆ ఫిర్యాదు వేసింది 2013లో. న్యాయం పదకొండేళ్ళు నడిచి వచ్చింది. ఆ లోపల ఎన్ని ట్యూబులు అమ్ముడుపోయాయో!

చట్టాలు లేకపోలేదు. స్త్రీలను అసభ్యంగా చిత్రించటాన్ని నిషేధించే చట్టం 1986లో వచ్చింది. కేబుల్ టీవీ నియమాలు 1994లోనే, ఏ జాతినీ, కులాన్నీ, రంగునూ హేళన చేసే ప్రకటన చూపకూడదన్నాయి. రంగు అన్న మాట అందులో స్పష్టంగా వుంది. స్త్రీని అణిగిమణిగి వుండేదానిగా చూపకూడదని కూడా వుంది. ప్రకటనల వాళ్ళు తమకు తామే 1985లో ఒక ప్రమాణాల మండలి పెట్టుకున్నారు. నల్లగా వున్నవాళ్ళను దిగులుగా, దురదృష్టవంతులుగా, పెళ్ళికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్ళుగా చూపరాదని ఆ మండలి 2014లో చెప్పింది. ఆడ మగ మూసల మీద 2022లో ఇంకొన్ని సూచనలిచ్చింది. తమ తప్పును తామే విచారించుకునే పంచాయితీ ఎంతవరకు పనిచేస్తుందో పల్లెటూరి వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా, ఆ 2014 సూచన వచ్చాక దిగులుముఖాలు తగ్గిన మాట నిజం. దిగులు తీసేశారు, ముఖాల వరస మాత్రం వుంచారు.

ఆపైన 2020 వచ్చింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసు మెడమీద మోకాలు పెట్టి చంపాడు. ప్రపంచమంతటా జనం వీధుల్లోకి వచ్చారు. ఆ సెగ మన అంగళ్ళలోని ట్యూబుల దాకా తగిలింది. ఐద్వా వాళ్ళు ఇన్నేళ్ళు మొరపెట్టుకున్నా కదలనిది అమెరికాలో మంటలు లేచేసరికి కదిలింది. ఆ జూన్, జూలై నెలల్లో కంపెనీ పేరులోంచి "ఫెయిర్" తీసి "గ్లో" పెట్టింది. పెళ్ళిసంబంధాలు కుదిర్చే షాదీ డాట్ కామ్ వాళ్ళు వధూవరుల్ని ఒంటిరంగును బట్టి వెతికే ఏర్పాటును తీసేశారు. మగవాళ్ళ క్రీముకు "గ్లో అండ్ హ్యాండ్సమ్" అన్న పేరు ఎవరిదని రెండు కంపెనీలూ బొంబాయి హైకోర్టు దాకా కొట్లాడుకున్నాయి. ఇమామీ తన క్రీము పేరును 2025లో "స్మార్ట్ అండ్ హ్యాండ్సమ్" అని మార్చుకుంది. పేరు మారటాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. పేరు మారటం ఓటమి ఒప్పుకోవటమే. కానీ ఒక చిన్న చిక్కుంది. ఇంగ్లీషులో "ఫెయిర్" అంటే తెల్లనిది, న్యాయమైనది కూడా. తెలుపూ న్యాయమూ ఒకే మాటలో కాపురమున్నాయి. తెలుగులో ఆ దౌర్భాగ్యం లేదు, మనకు న్యాయం వేరు, తెలుపు వేరు. అయినా తెలుగు ప్రకటనల్లో "కాంతి", "మెరుపు", "నిగారింపు" అన్న మంచి మాటల్ని తెచ్చి "తెలుపు" వుండే చోట కూర్చోబెట్టారు. నల్లటి మొహంలో నిగారింపు వుండదా? నేరేడుపండులో లేదా? ఈ మాటలు మన భాషలో రంగుతో పనిలేకుండా బతికినవి. ఇప్పుడు అవి తెలుపుకు మారుపేర్లయిపోతున్నాయి. మాటల్ని కాపాడుకోవలసిన వాళ్ళకు ఇది కనీసం ఈ మాత్రం కోపం తెప్పించాలి.

ఇక్కడే మా సంగతి, అంటే కన్నడ నాట తెలుగువాళ్ళ సంగతి చెప్పాలి. నేను నాగలమడిక వాణ్ణి. ఉత్తర పినాకిని ఒడ్డున, సుబ్రహ్మణ్యస్వామి గుడితో, పుష్యమాసపు జాతరతో పేరు తెచ్చుకున్న వూరు. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోదే అయినా, మూడు పక్కలా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కచేరీలో కన్నడ, బస్సు బోర్డు మీద కన్నడ. కన్నడమంటే మాకు పరాయి కాదు, అదీ మాదే. కాని మా పిల్లలకు తెలుగు బయటినుంచి, పెద్ద గొంతుతో, గౌరవంగా వినిపించే చోటు ఒకే ఒకటి: టీవీ. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినప్పుడు మావాళ్ళు పడిన సంబరం నాకు బాగా గుర్తు. మన భాష ఆకాశంలోంచి దిగివచ్చినట్టనిపించింది. దాంతోపాటే దిగివచ్చింది ప్రకటన. మా ఆడపిల్ల తెలుగులో తననుద్దేశించి ఎవరో పెద్దవాళ్ళు మాట్లాడటం వినేది ఆ పెట్టెలోంచే. ఆ తెలుగు ఆమెతో చెప్పిన మొదటి మాట, నీ రంగు తక్కువ అని.

అందుకే ఇది నాకు మహిళల పేజీకి తోసెయ్యగల విషయంగా కనబడదు. ఇది భాషకు సంబంధించిన విషయం. అల్పసంఖ్యాకుల భాషకు పుస్తకాలు తక్కువ, బళ్ళు తక్కువ, సభలు తక్కువ. వున్న కాసిన్ని కిటికీల్లోంచి ఏం వస్తుందన్నది మాకు ఇంకెవరికన్నా ఎక్కువ పట్టింపు వుండాలి. హైదరాబాదులో పిల్లకు తెలుగు వెయ్యి గొంతుల్లో వినిపిస్తుంది, అందులో ప్రకటన ఒకటి. మా పిల్లకు వినిపించే పది గొంతుల్లో ప్రకటన రెండో మూడో. పైగా ఆ ప్రకటనలు చాలావరకు తెలుగువి కావు. బొంబాయిలో హిందీలో తీసి తెలుగు గొంతు అతికించినవి. పెదవులు ఒకటంటే చెవులకు ఇంకొకటి వినబడుతుంది. ఆ ముఖాల్లో మా ముఖం లేదు, ఆ యాస మా యాస కాదు. "కర్రిగుండాది" అని మాట్లాడేవాళ్ళు ఆ ప్రకటనల్లో కనబడితే హాస్యం కోసమే, పనిమనిషిగానో, ఏమీ తెలియని పల్లెటూరి దద్దమ్మగానో. ముఖానికి ఒక మూస, యాసకు ఒక మూస. రెండింటి ప్రకారం మేం సరికాని వాళ్ళమే.

ఇంకో సంగతి కూడా మా తాలూకాలో వుండి చూస్తే తోస్తుంది. మా హోబళిలోని తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల భూముల్లో, దాదాపు 13,000 ఎకరాల్లో, సూర్యరశ్మితో కరెంటు తీసే పార్కు పెట్టారు. 2018లో ప్రారంభించారు, దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఎందుకిక్కడ పెట్టారు? వానలేని ఈ కరువు నేలమీద ఎండ పుష్కలం కాబట్టి. మా ఎండకు ఇప్పుడు ధర వుంది, కౌలు వుంది, లెక్క వుంది. ఎండను పీల్చుకునే ఆ పలకలు నల్లగా వుంటాయి, నల్లగా వుండటమే వాటి పని. మనిషి చర్మంలోని నలుపు చేసే పని కూడా దాదాపు అదే. మెలనిన్ అనే పదార్థం ఎండను పట్టి, లోపలి కణాలకు హాని కాకుండా కాస్తుంది. ఇంత ఎండ కాసే నేలలో తరతరాలుగా చెనక్కాయ కలుపు తీసిన ఆడవాళ్ళ ఒళ్ళు నల్లగా వుండటం కొరత కాదు, కవచం. ఆ కవచాన్ని జబ్బు అని చెప్పి మందు అమ్మటం ఏ రకం శాస్త్రం? తయారీకి వాడిన విటమిన్ పేరు చెప్పి, తెల్లకోటు తొడిగిన మనిషిని నిలబెట్టి చెబితే అది శాస్త్రమైపోతుందా?

అందాల పోటీలదీ ఇదే దారి. 1994లో ఒకే ఏడాది ప్రపంచ సుందరి, విశ్వసుందరి కిరీటాలు రెండూ మన దేశానికి వచ్చాయి. మన బజారు తలుపులు విదేశీ సరుకుకు తెరుచుకున్న మూడేళ్ళకే అది జరగటం మీద అప్పట్లోనే చాలామంది రాశారు. 1996లో ప్రపంచ సుందరి పోటీ బెంగళూరులో పెడితే స్త్రీవాదులు, రైతుసంఘాల వాళ్ళు, సంప్రదాయవాదులు కూడా, ఎవరి కారణాలతో వాళ్ళు, వీధికెక్కారు. 2025లో అదే పోటీ హైదరాబాదులో జరిగింది. కన్నడ రాజధానిలో ఒకసారి, తెలుగు రాజధానిలో ఒకసారి. రెండు భాషల మధ్య బతికే మాకు రెండు వైపులా ఒకే కొలబద్ద. మా జాతరలో పశువుల పరస కూడా జరుగుతుంది. ఎద్దుకు పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు, కొమ్ములు చూస్తారు. కాని కొనేవాడు చివరికి కాడి కట్టి నడిపించి చూస్తాడు, పని చేస్తుందా లేదా అని. పశువుకు దక్కిన ఆ చివరి పరీక్ష మన ఆడపిల్లకు దక్కటం లేదు.

ఎదురు నిలిచినవాళ్ళు లేరని కాదు. చెన్నైలో పుట్టిన "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" ఉద్యమం 2009 నుంచి పనిచేస్తోంది. 2013లో నటి నందితాదాస్ దానికి తోడు నిలిచారు. "ఫిదా"లో తెలంగాణ పిల్లగా తెలుగువాళ్ళ మనసు దోచుకున్న సాయిపల్లవి, తెల్లబరిచే క్రీము ప్రకటనను కాదన్నానని 2019లో చెప్పారు. మన రంగు ఇదే కదా అన్నది ఆమె భావం. కోట్లు వస్తాయన్నా వద్దనటం చిన్న విషయం కాదు. ఒక తార వద్దంటే ఇంకో తార ఒప్పుకుంటుంది, నిజమే. కాని ముఖం మీద మొటిమల్ని కూడా దాచుకోకుండా తెరమీదికొచ్చిన ఆ అమ్మాయిని చూసి మా వైపు పిల్లలు అద్దం ముందు కాస్త నిబ్బరంగా నిలబడ్డారన్నది నేను కళ్ళారా చూసిన సంగతి.

మన సాహిత్యంలో కూడా ఆ నిబ్బరానికి ఆధారాలున్నాయి. పోతన భాగవతంలో గోపికలు మల్లెపొదల్ని కృష్ణుడి జాడ అడిగేటప్పుడు ముందుగా చెప్పే ఆనవాలు ఆయన నలుపే. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె మేనిరంగును బట్టి వచ్చింది. ఆ రంగు వల్ల ఆమె స్వయంవరానికి రాజులు తక్కువేమీ రాలేదు. అయితే దేవుళ్ళ నలుపును పూజించి, పొరుగింటి పిల్ల నలుపును వెక్కిరించటం మనకు బాగా అలవాటు. గుళ్ళో నల్లరాతి విగ్రహానికి పాలాభిషేకం చేసి ఇంటికొచ్చి, కోడలి ముఖానికి పాలమీగడ రాయమంటాం. కాబట్టి పురాణాలు మాత్రమే చాలవు. 1993లో వచ్చిన "నీలిమేఘాలు" సంకలనంలో స్త్రీవాద కవయిత్రులు ఒంటి గురించి తమ గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టినట్టు, నలుపు గురించి నల్లటివాళ్ళే మాట్లాడాలి.

దానికి మాటలు కావాలి. కన్నడంలో "ఎణ్ణెగప్పు" అన్న చక్కటి మాట వుంది, నూనె రాసినట్టు నిగనిగలాడే నలుపు. అందులో జాలి లేదు, సర్దుబాటు లేదు, చూసిన కన్ను మెచ్చుకున్న గుర్తు వుంది. తెలుగులో మనం పెళ్ళిచూపుల్లో వాడే "చామనచాయ" ఇప్పుడు నలుపును దాచే ముసుగులా తయారైంది. కాని తెలుగు పేదది కాదు. నల్లరేగడి నేలను మనం తక్కువ చేసి మాట్లాడం, దాని ఎకరా ధర చెబుతూ మెచ్చుకుంటాం. కాటుకను, మబ్బును, నేరేడును మెచ్చుకోవటానికి మన ఆడవాళ్ళ నోట ఎన్ని మాటలున్నాయో! ఆ మాటల్లో మనిషికి వాడేవి, తిట్టుగాక వాడేవి, మా పెద్దవాళ్ళ దగ్గర ఇంకా కొన్ని మిగిలివుంటాయని నా నమ్మకం. పావగడ వైపు, మడకశిర వైపు, కోలారు, బళ్ళారి వైపు వున్న పాఠక మిత్రులు మీ ఇళ్ళలోని అవ్వల్ని అడిగి అలాంటి మాటల్ని రాసి ఈ పత్రికకు పంపితే, ఒక సంచికలో వాటిని వరసగా అచ్చువేయవచ్చు. ప్రకటనకు ప్రకటనతో జవాబివ్వగల డబ్బు మన దగ్గర లేదు. మాటకు మాటతో జవాబివ్వగలం.

అంతవరకు ఒక్క పని ఇవాళే చెయ్యవచ్చు. ఈసారి పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు ఎవరైనా "పిల్ల కాస్త రంగు తక్కువ" అంటే, "ఏ రంగు తక్కువ?" అని అడగండి. జవాబు చెప్పటానికి వాళ్ళు పడే ఇబ్బందిని చూడండి.